రాటావేల్ స్టేషనూ, నేను తప్పు రాసిన చరిత్రా

రిటైరయిన ఏడాదికి, మా పనిలోకి కొత్తగా వచ్చిన నలుగురు పిల్లలు వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చారు. నలుగురూ ఇంజినీర్లే. మా ఆవిడ విజయ చేసిన గుత్తి వంకాయ కూర అయిపోయాక, వాళ్ళలో ఒకతను నేను ఉద్యోగంలో అసలు ఏం చేసేవాణ్ణని అడిగాడు. పాత కట్టడాలు చూసేవాణ్ణి అన్నాను. చూసి ఏం చేసేవారన్నాడు. రాసేవాణ్ణి అన్నాను. ఆ జవాబు వాళ్ళకి ఆనలేదని ముఖాలు చూస్తేనే తెలిసింది. నాక్కూడా ఆనలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్లూ, సర్టిఫికెట్లూ ఇందులో లేవు. అవి కావలసినవాళ్ళు మా ఆవిడని అడిగితే ఫైలు చూపిస్తుంది.

పని అంటే ఇదీ

మన దేశంలో పదహారేళ్ళు రైలు వంతెనల మీద పనిచేసి, నలభై దాటాక న్యూజిలాండ్ వచ్చాను. వెల్లింగ్టన్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరాను. రైళ్ళు ఆగడం మానేసిన స్టేషన్లు ఈ దేశంలో ఊరూరా ఉన్నాయి. రైల్వే వాళ్ళు ఏటా ఒక జాబితా పంపేవారు. ఒక్కొక్క స్టేషనుకీ వెళ్ళి చూసి, ఉంచాలా, వేరే చోటికి తరలించాలా, కూల్చాలా అన్నది మేం చెప్పాలి. రిపోర్టులో రెండు భాగాలుండేవి. కట్టడం ఎలా ఉందన్నది మొదటిది, దాని చరిత్ర ఏమిటన్నది రెండోది.

మొదటి భాగానికి కావలసింది ఒక స్క్రూడ్రైవరూ, టార్చిలైటూ, పాత బట్టలూ. చెక్కని స్క్రూడ్రైవరుతో పొడవాలి. దిగకపోతే బతికుంది, దిగితే పోయింది. వర్షం కురిసే రోజున వెళ్ళడం మంచిది, కప్పు ఎక్కడ కారుతుందో అదే చెబుతుంది. ఇందులో నాకు మంచి పేరుండేది. రెండో భాగాన్ని మాత్రం నేను కూరలో కరివేపాకులా చూసేవాణ్ణి. పాత ఫైలు తిరగేసి నాలుగు పేరాలు రాసి పడేసేవాణ్ణి.

మా బాసు పేరు బ్రూస్. చదువుకన్నా ముందు పదేళ్ళు వడ్రంగం చేసినవాడు. రిపోర్టు ఇస్తే ముందు కాగితాలు చూసేవాడు కాదు, నా బూట్లు చూసేవాడు. బూట్లు శుభ్రంగా ఉంటే నేల కింద దూరలేదని అర్థం. రిపోర్టు చదవకుండానే తిరిగిచ్చేసేవాడు. చేరిన కొత్తలో నన్ను అలా మూడుసార్లు వెనక్కి పంపాడు. అప్పట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు చెబుతున్నాను, నాకు దొరికిన బాసులందరిలో ఆయనే మేలు. మెచ్చుకోవడం మాత్రం బొత్తిగా చేతకాదు. బాగుంది అనవలసి వస్తే కిటికీలోంచి బయటికి చూసి, ఇవాళ గాలి తగ్గిందనేవాడు.

రాటావేల్

ఊరి పేరు మార్చి రాస్తున్నాను. వెల్లింగ్టన్ నించి ఉత్తరంగా రెండున్నర గంటల డ్రైవ్. ఒక డెయిరీ, అంటే పాలూ పేపరూ అమ్మే మూలకొట్టు, ఒక చిన్న బడి, ఒక హాలు. చుట్టూ గొర్రెలు. వాటి మధ్య పట్టాల పక్కన చెక్క స్టేషను. టికెట్ల గది, ఇరుకైన వెయిటింగ్ రూము, పైన ఎర్ర రంగు వెలిసిపోయిన రేకుల కప్పు. ప్యాసింజర్లు ఆగడం మానేసి ఒక తరం దాటింది. దుంగలు మోసుకుపోయే గూడ్సులు మాత్రం రోజూ ఆగకుండా దాని ముందునించే పోతాయి. కప్పు రేకులు గాలికి లేచి పట్టాల మీద పడతాయని రైల్వే వాళ్ళ భయం. కూల్చేస్తే సరిపోతుందని వాళ్ళు లోలోపల అనుకుంటున్నారు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

ఇది నేను రిటైర్ కావడానికి నాలుగైదేళ్ళ ముందు మాట. ఆ ఏడు మా ఆఫీసులో స్రవంతి చేరింది. కరీంనగర్ పిల్ల. ఇక్కడికి మాస్టర్స్ చదవడానికి వచ్చి, చదువయ్యాక ఉద్యోగం తెచ్చుకుంది. ఆఫీసులో నన్ను అందరిలాగే పేరు పెట్టి పిలిచేది, కారెక్కగానే అంకుల్ అనేది. రాటావేల్ పనిలో సగం తనది. నేల కిందికి నాకన్నా ముందు దూరి, అరగంట తర్వాత ఒళ్ళంతా దుమ్ముతో, చేతిలో ఒక గొర్రె పుర్రెతో బయటికొచ్చింది. కింది దిమ్మలు చాలావరకు కుళ్ళిపోయాయనీ, పైన చెక్క మాత్రం ఉక్కులా ఉందనీ చెప్పింది. నేను పొడిచి చూశాను. ఆమె చెప్పింది నిజమే.

ఆ తర్వాత చరిత్ర. ఆ స్టేషను ఫైలు పల్చగా ఉంది. అందులో రెండో ప్రపంచ యుద్ధం నాటి కాగితం ఒకటి కనబడింది. ఎన్. హాల్డేన్ అనే పోర్టరు అనుమతి లేకుండా ఒక ప్యాసింజరు రైలుకి బిళ్ళ ఇవ్వకుండా ఆపేశాడనీ, అందువల్ల బండి బాగా ఆలస్యమైందనీ, అతన్ని హెచ్చరించడమైందనీ దాని సారాంశం. నిజానికి ఇంగ్లీషులో రాసినవాడు హీ అనీ అనలేదు, షీ అనీ అనలేదు. పోర్టరు అన్నాడంతే.

బిళ్ళ సంగతి చెప్పాలి. ఒకే పట్టా ఉన్న దారిలో రెండు బళ్ళు ఎదురెదురుగా రాకుండా, స్టేషనులో ఒక ఇనప బిళ్ళ తోలుసంచిలో పెట్టి డ్రైవరుకి ఇచ్చేవారు. అది చేతిలో లేకుండా డ్రైవరు బండి కదపకూడదు. మన వైపు ఇదే పనికి బంతి వాడేవాళ్ళం. పెద్ద యంత్రాంగమంతా చివరికి ఒక పోర్టరు చేతి మీద ఆధారపడి ఉండేదన్నమాట.

నేను ఆ కాగితం చూసి ఒక వాక్యం రాశాను. "యుద్ధకాలంలో హాల్డేన్ అనే పోర్టరు తన నిర్లక్ష్యం వల్ల ఒక ప్యాసింజరు రైలును ఆలస్యం చేసినందుకు హెచ్చరిక పొందాడు. ఇంతకుమించి చెప్పుకోదగ్గ సంఘటనలు ఈ స్టేషనులో జరగలేదు." చారిత్రక ప్రాధాన్యం తక్కువ అని తేల్చి, కూల్చడానికి అభ్యంతరం లేదన్నాను. నిర్లక్ష్యం అన్న మాట ఆ కాగితంలో లేదు. అది నా సొంతం. వాక్యం నిండుగా ఉంటుందని వేశాను.

చిత్తుప్రతి చదివి స్రవంతి ఒక్కటే అడిగింది.

"అంకుల్, ఈ హాల్డేన్ మగాయననే మీకెట్ల తెల్సు?"

ఆ రోజుల్లో రైల్వేలో ఆడవాళ్ళెక్కడ ఉంటారమ్మా అన్నాను. యుద్ధమప్పుడు మగవాళ్ళంతా సముద్రాలు దాటి పోతే బళ్ళు ఎవరు నడిపారని మళ్ళీ అడిగింది. నాకు రైల్వేలో పాతికేళ్ళ పైబడి అనుభవం ఉందన్నాను.  తను చిత్తుప్రతి మూసి నా బల్ల మీద పెట్టేసింది. మీకన్నా చిన్నవాళ్ళు ప్రశ్న అడిగినప్పుడు సర్వీసు లెక్క చెప్పి నోరు మూయించకండి. నాకు ఆ ఒక్క పనికే ఎంత శిక్ష పడిందో ముందు ముందు చూస్తారు.

హాల్లో

తుది నిర్ణయానికి ముందు ఊరివాళ్ళకి రిపోర్టు వినిపించాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం హాల్లో మీటింగు పెట్టారు. ఇక్కడి పద్ధతి ప్రకారం వచ్చినవాళ్ళందరూ తలా ఒక ప్లేటు పట్టుకొచ్చారు. బల్ల నిండా కేకులూ, గుడ్డు శాండ్‌విచ్‌లూ. విజయ ఇచ్చిన పులిహోర డబ్బా కూడా వాటి మధ్య పెట్టాం. నేను లేచి సారాంశం చదివాను. ఎవరికీ నచ్చలేదు. నచ్చదని తెలుసు కాబట్టి నేనేం కంగారుపడలేదు.

రెండో వరసలో ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. తొంభై ఉంటాయి. సన్నగా, నిటారుగా కూర్చుంది, పక్కన కూతురు ఉంది. ఇందాక చదివిన పోర్టరు వాక్యం మళ్ళీ చదవమంది. చదివాను.

"ఆ హాల్డేన్ మగవాడు కాదండీ. నేను. పెళ్ళికి ముందు నా పేరు నోరా హాల్డేన్."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే ఆపేశారు.  ఆవిడ కోపంగా ఏమీ లేదు. దారి అడిగినవాళ్ళకి దారి చెబుతున్నట్టుగా మొత్తం చెప్పింది. మూడు రోజులు వాన పడిందట. పక్క పొలం రైతు గుర్రం మీద వచ్చి, ఏరు పొంగిందనీ, వంతెన పక్క కంచె కొట్టుకుపోయిందనీ, చెట్లు వచ్చి స్తంభాలకి కొట్టుకుంటున్నాయనీ చెప్పాడట. ఆవిడ ఫోను చేస్తే పైవాళ్ళు, వంతెన పొద్దున్నే చూశాం, బండి వదులు అన్నారట. బండి వచ్చి నిలబడింది. డ్రైవరు కిందికి చెయ్యి చాపాడు. ఆవిడ బిళ్ళ ఇవ్వలేదు. వంతెన ఇంకోసారి చూసొచ్చేదాకా ఇవ్వనంది. డ్రైవరు అరిచాడు, ఫోనులో వాళ్ళూ అరిచారు. చివరికి పట్టాల మేస్త్రీ నడిచి వెళ్ళి చూసొచ్చాడు. వంతెన అవతలి గట్టు కింద మట్టి మొత్తం కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి.

తర్వాత ఏమైందని కూతురే అడిగింది. కూతురికి కూడా ఈ కథ అప్పటిదాకా తెలియదు.

"పది రోజులకి హెచ్చరిక కాగితం వచ్చింది. ఇంకో ఊళ్ళో రైలు పెట్టెలు కడిగే పనికి మార్చారు. మా నాన్న కూడా రైల్వేవాడే, నోరెత్తొద్దన్నాడు. నేను ఆ బిళ్ళ ఇచ్చుంటే నా రికార్డు శుభ్రంగా ఉండేది. బండి మాత్రం ఏట్లో ఉండేది."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. టీ తాగుతున్నప్పుడు ఎవరూ నన్ను నిందించలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. తిరుగు ప్రయాణంలో స్రవంతి చిప్స్ తింటూ కూర్చుంది కానీ, నేను ముందే అన్నాను కదా అని అనలేదు. సగం దారిలో నేనే సారీ చెప్పాను.

"నాకెందుకు అంకుల్ సారీ? ఆమెకు చెప్పాలె. కానీ ముందుగాల ఆమె చెప్పింది నిజమేనా అని చూడాలె."

రెండు బీరువాలు

మర్నాడు బ్రూస్ గదిలోకి వెళ్ళి, జరిగింది చెప్పి, రిపోర్టు ఇవాళే తిరగరాస్తానన్నాను. ఆయన కాసేపు నా బూట్ల వంక చూశాడు.

"నిన్న అడగకుండా ఒక కాగితాన్ని నమ్మావు. ఇవాళ అడగకుండా ఒక మనిషిని నమ్ముతానంటున్నావు. రెండూ ఒకే తప్పు. వెళ్ళి వెతుకు."

నాకు కష్టంగా తోచింది. అంత పెద్దావిడ అబద్ధమాడుతుందా అన్నాను. అబద్ధం సంగతి కాదన్నాడు. ఆవిడ మాట నిజమైతే దానికో కాగితం దొరకాలి, దొరికితే ఆవిడని ఇంకెవరూ ప్రశ్నించలేరు, ఆవిడకి మనం చేయగలిగిన మర్యాద అదే అన్నాడు. 

నేనూ స్రవంతీ పాత రికార్డులు దాచే చోట మూడు రోజులు కూర్చున్నాం. స్టేషను కాగితాలన్నీ మళ్ళీ చూశాం. ఏమీ లేదు. ప్రయాణికుల ఫిర్యాదులు చూశాం. ఏమీ లేదు. మూడో రోజుకి నాకు నీరసం వచ్చింది. ఆవిడ జ్ఞాపకంలో రెండు వానలు కలిసిపోయాయేమో అనిపించడం మొదలైంది. అప్పుడు స్రవంతి, మనం స్టేషను గురించే వెతుకుతున్నాం, మన్ను పోయింది వంతెన దగ్గర కదా అంది. పదహారేళ్ళు వంతెనల మీద పనిచేసినవాణ్ణి నేను. ఆ మాట నాకు తట్టవలసింది.

వంతెనల రిజిస్టర్లు వేరే విభాగానివి, వేరే బీరువాలో ఉంటాయి. అవి తెప్పించాం. మధ్యాహ్నం భోజనానికి ముందు స్రవంతి ఒక రిజిస్టరు నా వైపు జరిపి, పెన్సిల్ మొనతో ఒక వరస చూపించింది.  రాటావేల్‌కి ఉత్తరాన ఉన్న వంతెన. ఉత్తరపు గట్టు కోతకి గురైంది, పట్టాల కింద ఆధారం లేదు, ప్యాసింజరును రాటావేల్‌లో నిలిపి ఉంచారు. పక్కన తేదీ. హెచ్చరిక కాగితంలో ఏ రోజు ఆలస్యం గురించి రాశారో, ఆ రోజే.

చూశారా, అబద్ధం ఎక్కడా లేదు. రైళ్ళ విభాగం గుమాస్తాకి బండి ఆలస్యమైనట్టు తెలుసు, వంతెన సంగతి తెలియదు. వంతెన ఇంజినీరుకి గట్టు సంగతి తెలుసు, పోర్టరు సంగతి పట్టలేదు. రెండు కాగితాలూ రెండు బీరువాల్లో డెబ్భై ఏళ్ళు కూర్చున్నాయి. నేను ఒక్క బీరువా తెరిచి చరిత్ర రాసేశాను. ఆఫీసుల్లో జరిగే అన్యాయాల్లో ఎక్కువ భాగం చెడ్డవాళ్ళు చేసేవి కావు. పక్క గదిలో ఏముందో అడగనివాళ్ళు చేసేవి. ఆ జాబితాలో నా పేరు కూడా ఉంది కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

రిపోర్టు తిరగరాశాం. కట్టడాన్ని పట్టాల పక్కనించి తీసి, బడి ఎదురుగా ఊరి ఆటస్థలంలో పెట్టమన్నాం. పట్టాల పక్క ప్రమాదం పోతుంది కనక రైల్వే వాళ్ళు ఒప్పుకున్నారు, స్టేషను మిగులుతుంది కనక ఊరివాళ్ళు ఒప్పుకున్నారు. రచయితల పేర్లలో స్రవంతి పేరు ముందు వేశాను. బ్రూస్ సంతకం పెట్టి, కిటికీలోంచి చూసి, గాలి తగ్గిందన్నాడు. బయట చెట్లు ఊగిపోతున్నాయి.

స్టేషను ప్రయాణం

ఈ దేశంలో ఇళ్ళని లారీ ఎక్కించి ఊళ్ళు దాటించడం మామూలు. మా స్టేషను వెళ్ళవలసింది అర కిలోమీటరు. తరలించే కాంట్రాక్టరు టామా అనే మావోరీ ఆయన, భారీ మనిషి, నెమ్మదైన మాట. దారిలో అడ్డంగా వేలాడే తీగెల ఎత్తూ, కప్పు ఎత్తూ, లారీ ఎత్తూ కొలిచి నేను ఆయనకి లెక్క ఇచ్చాను. ఒక శనివారం పొద్దున స్టేషను లారీ మీదికెక్కింది. గమ్‌బూట్లు వేసుకుని ఊరంతా వెనకాల నడిచింది.

మలుపు దగ్గర రోడ్డు మధ్యలో మూపురంలా లేచి ఉంటుంది. లారీ దాని మీదికి ఎక్కేసరికి, నేను బాగా ఎడం ఉంటుందన్న తీగె కప్పు కొసకి తగలబోయింది. నేను రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తాను. టామా అప్పటికే కప్పు మీద ఒక మనిషిని కూర్చోబెట్టాడు. అతను పొడుగాటి కర్రతో తీగెని ఎత్తి పట్టుకున్నాడు, లారీ కిందనించి వెళ్ళిపోయింది. ముందే ఎలా తెలుసని అడిగితే, ఇంజినీర్లు ఇచ్చిన ఎత్తుకి తనెప్పుడూ ఒక అడుగు కలుపుకుంటానని చెప్పాడు. నేను రోడ్డు సాపుగా ఉందనుకుని కొలిచాను. స్రవంతి రోజంతా నవ్వుతూనే ఉంది. ఈసారి నాక్కూడా నవ్వొచ్చింది.

హెచ్చరిక కాగితం

స్టేషను నిలబడింది కానీ, నోరా మీద ఉన్న హెచ్చరిక అలాగే ఉంది. దాన్ని రద్దు చేయమని నేను రైల్వే వాళ్ళకి ఉత్తరం రాశాను. అక్కడి మేనేజరు హెలెన్ అనే ఆవిడ ఫోను చేసింది. సాయం చేయాలనే ఉందట. కానీ ఆ హెచ్చరిక ఇచ్చిన విభాగమే ఇప్పుడు లేదట. లేని విభాగం ఇచ్చినదాన్ని రద్దు చేసే అధికారం ఎవరికుందో ఎవరూ చెప్పలేకపోతున్నారట. రెండు నెలలు ఉత్తరాలు నడిచాయి. నోరా వయసు తలుచుకుని, ఉత్తరం వచ్చిన రోజే నేను జవాబు రాసి పంపేవాణ్ణి.

దారి స్రవంతికే తట్టింది. "రద్దు ఎందుకు అంకుల్, పక్కకు ఇంకో కాగితం పెట్టమందాం" అంది. వంతెన రిజిస్టరు పేజీ నకలూ, జరిగింది చెప్పే ఉత్తరం ఒకటీ అదే ఫైల్లో హెచ్చరికకి కుట్టేస్తే, ఇకమీదట దాన్ని తెరిచినవాళ్ళు రెండూ కలిపి చదవక తప్పదు. కొత్త కాగితం చేర్చడానికి ఎవరి అధికారమూ అక్కర్లేదు. హెలెన్ వారంలో ఆ పని చేసింది. అంతటితో ఆగకుండా, స్టేషను ప్రారంభం రోజున స్వయంగా డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, ఆ ఉత్తరం అందరి ముందూ చదివింది. మీరు చేసింది సరైన పని, ఆ మాట అప్పుడే చెప్పవలసింది, క్షమించండి అని అందులో ఉంది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. బడిపిల్లలు పాట పాడారు. మాట్లాడినవాళ్ళందరూ ధైర్యం అన్న మాట వాడారు. నేను కూడా వాడాను. నా తప్పు వాక్యాన్ని అందరి ముందూ మళ్ళీ చదివి, ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ తల ఊపింది.

అందరూ టీకి వెళ్ళాక నోరా నన్ను వెయిటింగ్ రూములోకి పిలిచింది. కొత్తగా రంగు వేసిన బల్ల మీద కూర్చుని, పక్కన కూర్చోమంది. హెలెన్ ఇచ్చిన ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుంది.  తర్వాత మెల్లగా చెప్పింది.

"అందరూ ధైర్యం అంటున్నారు. ఆ రోజు డ్రైవరు చెయ్యి చాపినప్పుడు నేను ఈ గదిలోనే, ఇలాగే ఒక బల్ల మీద కూర్చుని ఉన్నాను, బిళ్ళ ఒళ్ళో పెట్టుకుని. లేచి వెళ్ళి ఇచ్చేద్దామనే అనుకున్నాను. భయంతో కాళ్ళు ఆడలేదు. లేవలేకపోయాను. వాళ్ళేమో నన్ను మొండిదనుకున్నారు. రెండోసారి అరిచేసరికి, సరే, లేవలేనప్పుడు ఇవ్వనని చెప్పడమే నయం అనిపించింది. చెప్పేశాను. ఎవరికీ తెలియదు ఈ సంగతి. మీరు చరిత్ర రాస్తారు కదా, అది కూడా రాయండి."

రిపోర్టు అప్పటికే ముగించి ఇచ్చేశాం, అందులో చేర్చడానికి వీల్లేదు. ఆవిడకి ఆ మాట చెప్పలేదు. రాస్తానన్నాను. ఇదిగో, రాశాను.